గ్రెగరీ ఐజాక్స్ మలిదశను ఒక సంకలనంతో అంచనా వేయవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. జమైకా రెగే గాయకుడు గ్రెగరీ ఐజాక్స్ పాటలను నేను చాలా ఏళ్లుగా వింటున్నాను గానీ, నిజం చెప్పాలంటే నా వినికిడి 1982 దగ్గరే ఆగిపోయింది. 'కూల్ రూలర్' (1978), 'సూన్ ఫార్వర్డ్' (1979), 'నైట్ నర్స్' (1982) అనే మూడు ఆల్బమ్‌లనే తిప్పి తిప్పి విన్నాను. ఆ తర్వాత ఆయన పాడినదంతా మత్తుమందుల వల్ల దెబ్బతిన్న గాయకుడి పతనదశ అని ఎక్కడో చదివి, దాన్నే నమ్మి, అటువైపు పోలేదు. ఈమధ్య 'ది రూలర్' అనే సంకలనం విన్నాను. అది 1972 నుంచి 1990 వరకు ఆయన పాటల్లోంచి ఏర్చి కూర్చినది. తొలి పాటల కోసమే మొదలుపెట్టాను, కానీ 1980ల రెండో సగంలోని పాటల దగ్గరే రోజుల తరబడి ఉండిపోయాను. ముఖ్యంగా 'రూమర్స్' విన్నప్పుడు, ఇన్నేళ్లూ ఈ పాట లేకుండా ఎలా గడిపానా అనిపించింది.

నా సందేహాలు రెండు. ఆ కాలంలో నిజంగా మారింది ఆయన గొంతా, లేక గొంతు వెనుక ఉన్న సంగీతమా? ఎవరో ఎంపిక చేసిన పాటలను మాత్రమే విని ఒక కళాకారుడి మలిదశ గొప్పదని అనుకోవడం సబబేనా? ఆ పాటలు మొదట వచ్చిన రికార్డులను దగ్గరగా విన్నవారు చెబితే సంతోషిస్తాను.

మొదటి జవాబు

మీ మొదటి సందేహానికి నా సమాధానం: ముందు మారింది సంగీతమే. గొంతు దెబ్బతినడం ఆ తర్వాతి సంగతి, అది మీ సంకలనం ముగిశాకే పూర్తిగా బయటపడింది.

'నైట్ నర్స్' నాటి వాయిద్యబృందం రూట్స్ రాడిక్స్. ఫ్లాబా హోల్ట్ బాస్ గిటార్, స్టైల్ స్కాట్ డ్రమ్స్ కలిసి ఎంత నిదానంగా నడిచేవంటే, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ మనిషి నిట్టూర్చేంత చోటు ఉండేది. గ్రెగరీ ఆ చోటులోనే, తాళానికి రవ్వంత వెనకబడి, మైకుకు చెవిలో చెబుతున్నట్టుగా పాడేవారు. 1985లో కింగ్ జామీ నిర్మాణంలో వేన్ స్మిత్ పాడిన 'అండర్ మి స్లెంగ్ టెంగ్' వచ్చింది. క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే పొందుపరిచిన ఒక లయ మీద కట్టిన పాట అది. దాని విజయంతో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని స్టూడియోల పద్ధతే మారిపోయింది. నలుగురైదుగురు వాద్యకారులు కలిసి కూర్చుని వాయించే పనిని డ్రమ్ మెషీన్, సింథసైజర్ పట్టుకున్న ఒకరిద్దరు చేయగలిగారు. లయ వేగం, పదును పెరిగాయి. ఆ లయల మీద మాటలను గుక్కతిప్పుకోకుండా పేల్చే డీజేలు ముందుకు రావడంతో, పాత తరం గాయకుల్లో చాలామందికి చోటు కరువైంది.

గ్రెగరీకి మాత్రం చోటు దొరికింది. ఆయన ఏనాడూ లయతో పోటీపడి అరిచి పాడలేదు కాబట్టి, యంత్రం ఎంత ఖచ్చితంగా కొడితే ఆయన అలసత్వం అంత స్పష్టంగా వినిపించింది. అలసత్వం అన్నది ఇక్కడ మెప్పుగానే అంటున్నాను. నిర్మాత గసీ క్లార్క్ ఈ సంగతి బాగా పట్టుకున్నారని నా నమ్మకం. ఆయన మ్యూజిక్ వర్క్స్ స్టూడియో నుంచి 1988లో వచ్చిన 'రెడ్ రోజ్ ఫర్ గ్రెగరీ' ఆల్బమ్‌లోనే 'రూమర్స్' ఉంది. అప్పటి డిజిటల్ రికార్డులు చాలావరకు ఎముకల గూడులా ఉంటే, క్లార్క్ కట్టిన సంగీతంలో కీబోర్డు పొరలు, వంతపాట గొంతులు ఒకదాని వెనుక ఒకటి తేటగా అమరి ఉంటాయి. 'రూమర్స్'కు వాడిన లయ, అంటే వెనుక వాయించిన సంగీతం, అదే ఉంచి దాని మీద గాయని జె.సి. లాడ్జ్ 'టెలిఫోన్ లవ్' పాడారు. ఆ రెండు పాటలనూ వెంటవెంటనే వినండి. ఒకే నేల మీద ఆమె టెలిఫోనులో ప్రేమను పండించుకుంటుంటే, ఈయన తన మీద సాగుతున్న పుకార్లకు జవాబు చెప్పుకుంటున్నారు. ప్రియురాలిని వేడుకునే ఆ గొంతే, స్వరం ఏమాత్రం పెంచకుండా, నిందపడిన మనిషి గొంతుగా మారడమే నాకు ఆ పాటలో అన్నిటికన్నా గొప్ప విషయం.

ఆ రెండు కాలాల మధ్య గీత మనం అనుకున్నంత గట్టిది కాదు. రూట్స్ రాడిక్స్‌లో కీబోర్డు వాయించిన స్టీలీయే, డ్రమ్మర్ క్లీవీతో జట్టుకట్టి డిజిటల్ కాలపు లయలను తీర్చిదిద్దిన వారిలో ఒకరయ్యారు. క్లార్క్ కూడా గ్రెగరీకి 1988లో కొత్తగా తారసపడిన మనిషి కాదు, 1985 నాటి 'ప్రైవేట్ బీచ్ పార్టీ' ఆల్బమ్ ఆయన నిర్మించినదే. 'నైట్ నర్స్' నుంచి నేరుగా 'రూమర్స్'కు దూకిన మీకు ఆ ఆల్బమ్ మంచి వంతెన అవుతుంది.

రెండవ జవాబు

రెండో సందేహం గురించి నేను రాస్తాను. సంకలనం వినడాన్ని తప్పుగా భావించవలసిన అవసరం లేదు. జమైకా సంగీతంలో పాటకు పుట్టినిల్లు ఆల్బమ్ కాదు, ఏడు అంగుళాల సింగిల్ రికార్డు. ఒకవైపు పాట, మరోవైపు గొంతు తీసేసి లయను మాత్రమే ఉంచిన 'వెర్షన్' ఉండేవి. డాన్స్ జరిగే చోట సౌండ్ సిస్టమ్‌లో, అంటే రికార్డులు వేసి వినిపించే పెద్ద స్పీకర్ల ఏర్పాటులో, ఆ రికార్డు పలికిన తీరే దాని భవిష్యత్తును తేల్చేది. చాలా ఆల్బమ్‌లు తర్వాత ఆ సింగిల్స్‌ను ఏరి కట్టినవే. అందువల్ల మంచి సంకలనం ఈ సంగీతం నిజంగా బతికిన తీరుకు దగ్గరగానే ఉంటుంది.

గ్రెగరీ విషయంలో ఇది మరింత నిజం. 1973లో ఎరల్ డంక్లీతో కలిసి ఆఫ్రికన్ మ్యూజియం అనే సొంత లేబుల్ పెట్టుకున్నా, దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయన ఇతర నిర్మాతలకూ పాడుతూ వచ్చారు. ఒకసారి జైలుకు వెళ్లి బయటపడ్డాక 1983లో 'అవుట్ దే!' ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత ఎందరు నిర్మాతలకు, ఎన్ని లయల మీద పాడారో లెక్కపెట్టి వెంబడించడం వీరాభిమానికి కూడా సాధ్యం కాదు. ఆ రాశిలో పొల్లు చాలా ఉంది. సంకలనకర్త దాన్ని చెరిగి గింజలు మాత్రమే మన చేతిలో పోశాడు. గింజలను చూసి పంటంతా ఇలాగే పండిందని అనుకోకపోతే చాలు. వింటున్నప్పుడు ప్రతి పాటకూ నిర్మాత ఎవరో, ఏ సంవత్సరంలో వచ్చిందో చూసుకోండి. అప్పుడు మీరు వింటున్నది ఒక గొంతు ఎన్ని చేతుల్లోంచి నడిచిందన్న కథ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 'టెలిఫోన్ లవ్', 'రూమర్స్' వెంటవెంటనే విన్నాను. లయ ఒకటే అని ముందే తెలిసి ఉండకపోతే, నాలుగైదు క్షణాల వరకు నేను పోల్చుకునేవాడిని కాదేమో. 1990 తర్వాతి గొంతు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? అక్కడికి వెళ్లడానికి నాకు ఇంకా కొంత జంకుగానే ఉంది.

మూడవ జవాబు

జంకు అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే మీరు చదివిన 'పతనం' అన్న మాటలో కొంత నిజముంది. క్రాక్ కొకైన్ వ్యసనం గురించి గ్రెగరీ స్వయంగా బహిరంగంగానే మాట్లాడారు. ఆయన పళ్లు పోయాయి, పలుకు మారింది, పైస్థాయిలో గొంతు పలచబడి గీరుకుపోయింది. దాన్ని అనుభవం పండిన గొంతు అని అందంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అది ఒక మనిషి ఆరోగ్యానికి జరిగిన నష్టం, 1990లలోని చాలా రికార్డుల్లో ఆ నష్టం మాత్రమే వినిపిస్తుంది.

అయినా 2008లో వచ్చిన 'బ్రాండ్ న్యూ మీ' వినమని మిమ్మల్ని కోరతాను. 'నైట్ నర్స్' నాటి పట్టులాంటి జారుడు అక్కడ లేదు, తిరిగి తెచ్చుకోవాలన్న ప్రయత్నం కూడా నాకు కనిపించలేదు. మిగిలిన గొంతుతో ఎంతవరకు వెళ్లగలరో అంతవరకే వెళ్లి, అక్కడ పదాన్ని వదిలేయడం వినిపిస్తుంది. తాళానికి వెనకబడి పాడే పాత అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు. జింబాబ్వే గాయకుడు కింగ్ ఐజాక్‌తో చేసిన 'ఐజాక్స్ మీట్స్ ఐజాక్' ఉత్తమ రెగే ఆల్బమ్ విభాగంలో గ్రామీ నామినేషన్ పొందింది. కానీ ఆ జాబితా వెలువడే నాటికి ఆయన లేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2010 అక్టోబరు 25న లండన్‌లో, 59 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నా సలహా ఏమిటంటే, సంకలనం నుంచి నేరుగా ఈ చివరి రికార్డులకు రాకండి. ముందుగా 'రెడ్ రోజ్ ఫర్ గ్రెగరీ'ని మొదటి పాట నుంచి చివరి పాట వరకు ఒకే బిగిన వినండి. ఏరిన పాటగా మీకు పరిచయమైన 'రూమర్స్'కు అక్కడ ముందూ వెనుకా ఏయే పాటలు ఉన్నాయో, వాటిలో ఏవి మీకు ఎక్కలేదో ఇక్కడ రాస్తే, చర్చను అక్కడి నుంచి కొనసాగిద్దాం.