ఈ ఏడాది చదివిన కామిక్స్‌లో మీకు బాగా పట్టేసినవి ఏవి?

బొమ్మలపిచ్చి (బెంగళూరు):
డిసెంబర్ వచ్చేసింది కాబట్టి అడుగుతున్నా. 2025లో మీరు చదివిన కామిక్స్‌లో ఏవి నచ్చాయి? ఈ ఏడాదే వచ్చుండాలని రూలేం లేదు, మీరు ఈ ఏడాది చదివితే చాలు. సూపర్ హీరోలు, మాంగా (జపాన్ కామిక్స్), గ్రాఫిక్ నవలలు, పిల్లలవి ఏవైనా పర్లేదు. కానీ దయచేసి "కేక", "సూపర్" అని వదిలేయకండి, ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాస్తే నేను కొనాలా వద్దా అని తేల్చుకుంటా.

నాది ముందు చెప్పేస్తా. అప్పుపెన్ వేసిన డ్రీమ్ మెషీన్. ఆయన ఉండేది మన బెంగళూరులోనే. లోరాన్ దోదే అని ఫ్రాన్స్ ఫిజిక్స్ ప్రొఫెసర్, ఏఐ కంపెనీ కూడా పెట్టాడు, ఆయనతో కలిసి చేసిన పుస్తకం, ఇంగ్లిష్‌లో 2024లో వచ్చింది. చిన్న ఏఐ స్టార్టప్ నడిపే ఒకాయనకి పెద్ద టెక్ కంపెనీ నుంచి డీల్ వస్తుంది, ఒప్పుకోవాలా వద్దా అన్న కథ, మధ్యమధ్యలో ఈ లాంగ్వేజ్ మోడల్స్ (చాట్‌జీపీటీ లాంటివాటి వెనకుండేవి) లోపల ఏం జరుగుతుందో బొమ్మలేసి చెప్తారు. నేను ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాటలే వింటా, మీటింగుల్లో తలూపుతా, ఈ పుస్తకం చదివాక కనీసం దేనికి తలూపుతున్నానో తెలిసింది. కథగా చూస్తే మాత్రం అక్కడక్కడా క్లాసు పీకినట్టుంటుంది, పాత్రలు మాట్లాడుకోకుండా మనకి పాఠం చెప్తుంటాయి. ఆయన పాత పుస్తకం లెజెండ్స్ ఆఫ్ హలాహల (2013) నాకు దీనికన్నా ఎక్కువ ఇష్టం. ఐదు ప్రేమకథలు, ఒక్క డైలాగ్ లేదు, ఇంగ్లిష్ రాని మా నాన్న చేతిలో పెట్టినా చివరిదాకా తిరగేశారు, తిరగేసి "వీడికేమైనా తేడానా" అన్నారు అది వేరే విషయం.

సిల్క్‌బోర్డ్ బ్యాట్‌మ్యాన్:
అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ బ్రో. ఇంక రెండో మాట లేదు.

స్కాట్ స్నైడర్ కథ, నిక్ డ్రగోటా బొమ్మలు, 2024 అక్టోబర్‌లో మొదలైంది. బ్యాట్‌మ్యాన్ దగ్గర అసలు పవర్ ఏంటి, డబ్బు, ఆ డబ్బు పీకేస్తే ఏం మిగుల్తుంది అని మొదలుపెట్టారు. ఇందులో బ్రూస్ వేన్‌కి, అంటే మన బ్యాట్‌మ్యాన్‌కి, బంగళా లేదు, వాళ్ళ నాన్న స్కూల్ టీచరు, జూలో కాల్పులు జరిగినప్పుడు పోయాడు, అమ్మ బతికే ఉంది, అదే పెద్ద తేడా, ఎందుకంటే రాత్రిపూట దెబ్బలు తిని ఇంటికొస్తే అడిగే మనిషి ఒకరున్నారు. బ్రూస్ సివిల్ ఇంజినీరు. ఇంట్లో ఎవరూ సాఫ్ట్‌వేర్ వైపు మారమని పోరు పెట్టలేదు కాబట్టే బ్యాట్‌మ్యాన్ అయ్యాడు అని మా రూమ్మేట్ అంటాడు. పాత కథల్లో వాళ్ళింటి బట్లర్ ఆల్‌ఫ్రెడ్ ఇక్కడ బట్లర్ కాదు, బ్రిటిష్ ఏజెంటు, వీడి మీద కన్నేసి ఉంచడానికి వచ్చినవాడు. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఉంటుంది కదా అది ఊడదీస్తే గొడ్డలి!! డ్రగోటా వీణ్ణి గుమ్మంలో పట్టనంత వెడల్పు వేశాడు, చూస్తే నవ్వొస్తుంది ముందు, రెండో ఇష్యూకి ఆ నవ్వు పోతుంది.

కానీ నన్ను పట్టేసింది ఫైట్లు కాదు, పాత విలన్లు కొందరు ఇక్కడ వీడి చిన్నప్పటి ఫ్రెండ్సు. ఆస్వాల్డ్, ఎడ్డీ, హార్వీ, వేలన్, కలిసి తిరుగుతారు, పేకాడుకుంటారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులేసుకుంటారు. పాత కథలు తెలిసినవాళ్ళకి ఆ సీన్లు చదువుతుంటే గుండె పీచుపీచుమంటుంది, వీళ్ళలో ఎవడు ఎప్పుడు ఎటు తిరుగుతాడో అని.

మొదటి ఆరు ఇష్యూలు కలిపి ద జూ అని పుస్తకంగా వచ్చింది, అది తీసుకోండి. విడి ఇష్యూల జోలికి వెళ్ళకండి, ఇక్కడికి వచ్చేసరికి రేటు చుక్కలు చూపిస్తుంది. అబ్సల్యూట్ వండర్ వుమన్ కూడా బాగుంటుంది, దానికి ఈ ఏడాది ఐస్నర్ అవార్డు (అమెరికాలో కామిక్స్‌కిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది బెస్ట్ న్యూ సిరీస్ అని, డయానాని, అంటే వండర్ వుమన్‌ని, నరకంలో సర్సీ అనే మంత్రగత్తె పెంచుతుంది. నేను సగంలో ఉన్నా.

వేళచ్చేరి వాసి (చెన్నై):
మీరంతా ఇంగ్లిష్‌లో చదువుతున్నారు, నేను తమిళంలో చదువుతానండీ. నవ్వకండి, నేను తమిళం నేర్చుకున్నదే బస్సు బోర్డులతోనూ లయన్-ముత్తు కామిక్స్‌తోనూ. శివకాశి నుంచి వస్తాయి, టపాసులూ క్యాలెండర్లూ వచ్చే ఊరే. ముత్తు కామిక్స్ డెబ్భైల మొదట్లో ఇరుంబుక్కై మాయావితో మొదలైంది, అది బ్రిటిష్ కామిక్ ద స్టీల్ క్లా. 1984లో లయన్ వచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నాయి, ఇప్పటికీ టెక్స్ విల్లర్ వేస్తారు. ఇటలీలో 1948లో పుట్టిన కౌబాయ్ గుర్రమెక్కి తమిళంలో తిట్టుకుంటూ పోతుంటే ఆ మజానే వేరు. జనవరిలో నందనం వైఎంసీఏ గ్రౌండ్స్‌లో బుక్ ఫెయిర్ పెడితే వాళ్ళ స్టాల్ దగ్గర పిల్లలకన్నా తెల్లజుట్టు అంకుల్సే ఎక్కువ కనిపిస్తారు.

ఇక్కడ నాకు కాస్త కడుపుమంట ఉంది, రాసేస్తా. తెలుగులో ఇలా కామిక్స్ మాటెత్తితే చాలు వెంటనే ఎవరో ఒకరు చందమామ అంటారు. చందమామ ఇదే ఊళ్ళో వడపళనిలో అచ్చయ్యేది, 1947 జులైలో తెలుగూ తమిళమూ కలిపే మొదలుపెట్టారు నాగిరెడ్డి చక్రపాణి గార్లు, శంకర్ గారు వేసిన విక్రమార్కుడూ భుజం మీద శవమూ నాకూ కళ్ళు మూస్తే కనపడతాయి. కానీ అది కామిక్ కాదండీ, బొమ్మలున్న కథల పత్రిక. అందులో బొమ్మ తీసేసినా కథ నడుస్తుంది. కామిక్‌లో బొమ్మ తీసేస్తే ఏం మిగలదు. ఆ రెండోది పెద్దవాళ్ళ కోసం నెలనెలా తెలుగులో వేసేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు ఉన్నారో లేదో తెలుసుకోడానికైనా ఎవరో ఒకరు వెయ్యాలి కదా.

సరే ఈ ఏడాది నా పుస్తకం, ఒరిజిత్ సేన్ రివర్ ఆఫ్ స్టోరీస్. 1994 నాటిది, ఇండియాలో మొదటి గ్రాఫిక్ నవల అని దీన్నే అంటుంటారు, ఏళ్ళ తరబడి దొరక్కుండా పోయింది, చెన్నైలోని బ్లాఫ్ట్ అనే పబ్లిషర్ వాళ్ళు 2022లో మళ్ళీ వేశారు. నర్మద మీద ఆనకట్ట, ముంపు, దాని గురించి తెలుసుకోడానికి వెళ్ళే ఒక కుర్ర జర్నలిస్టు, ఇంకో పక్క మల్గు గాయన్ అనే పాటగాడు లోకం ఎలా పుట్టిందో పాడుతుంటాడు. రెండు కథలకీ గీతే మారిపోతుంది, అది చూడాలి. మా అమ్మమ్మగారిది జంగారెడ్డిగూడెం పక్కన, పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళకి కట్టిన కాలనీలు అటువైపే ఉన్నాయి, వరసగా ఒకేలాంటి ఇళ్ళు. అవి చూసినవాడు ఈ పుస్తకాన్ని నర్మద కథ అనుకుని పక్కన పెట్టలేడు.

బొమ్మలపిచ్చి:
వేళచ్చేరి గారూ, ఆ పోలవరం మాటతో పడగొట్టేశారు, అది కొంటున్నా. చందమామ విషయంలో మాత్రం మా ఇంట్లో ఈ ముక్క చదివి వినిపించే ధైర్యం నాకు లేదు.

హెచ్ఎస్ఆర్ అమ్మ:
మాది పిల్లల కేటగిరీ. డాగ్ మ్యాన్, డాగ్ మ్యాన్, డాగ్ మ్యాన్. మావాడికి ఎనిమిదేళ్ళు, పోలీసాయన ఒంటికి కుక్క తలకాయ కుట్టేస్తారు, అదీ హీరో. మొదట్లో ఇదేం చెత్తరా బాబూ అనుకున్నా, తర్వాత వాడు అన్నం తింటూ పగలబడి నవ్వుతుంటే నేనూ చదవడం మొదలెట్టా, ఆ పీటీ అనే పిల్లి ఉంది చూడండి, వాడు విలన్, వాడి క్లోనే పిల్లాడిగా తయారై నాన్నా నాన్నా అని వెంటపడతాడు, అక్కడ నిజంగా కళ్ళు చెమ్మగిల్లాయి నాకు. ఫ్లిప్-ఓ-రామా అని ఉంటుంది, పేజీ గబగబా ఆడిస్తే బొమ్మ కదుల్తుంది, మా ఇంట్లో ఆ పేజీలన్నీ టేపు వేసినవే.

కొన్ని పేజీల్లో స్పెల్లింగులు కావాలనే తప్పు రాస్తారు, కథలో ఆ పేజీలు గీసేది పిల్లలు కాబట్టి. దాని మీద మావాడి స్కూల్లో ఒక టీచర్ గారు ఇలాంటివి కొనివ్వకండి అన్నారు. రాసిన డేవ్ పిల్కీకే చిన్నప్పుడు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి, క్లాసులోంచి బయటికి పంపిస్తే వరండాలో కూర్చుని కామిక్స్ గీసుకునేవాడట, అది చెప్దామనుకుని చెప్పకుండా వచ్చేశా. మా అత్తగారేమో బొమ్మల పుస్తకం చదివితే చదివినట్టు కాదు అంటారు. కానీ ఆవిడే మధ్యాహ్నం టింకిల్ (పిల్లల కామిక్ పత్రిక) తీసి అందులో ఉండే అమాయకుడు సుప్పండి కథలు వాడికి తెలుగులో చెప్తుంటారు, సుప్పండి గోదావరి యాసలో మాట్లాడతాడు మా ఇంట్లో.

నిదానంగా చదువుతా:
నావి రెండూ బరువైనవి, మూడ్ చూసుకుని తీయండి.

టెస్సా హల్స్ ఫీడింగ్ గోస్ట్స్. టెస్సా అమ్మమ్మ షాంఘైలో జర్నలిస్టు, కమ్యూనిస్టు చైనా నుంచి హాంకాంగ్‌కి పారిపోయి, తన కథ రాసి పేరు తెచ్చుకుని, తర్వాత మతి చెదిరిపోయిన మనిషి. ఆవిణ్ణి చూసుకుంటూ పెరిగిన కూతురు, ఆ కూతురి కూతురు టెస్సా. ముగ్గురి మధ్యా ఉన్న ముడి విప్పడానికే ఈ పుస్తకం, చేయడానికి దాదాపు పదేళ్ళు పట్టిందట ఆవిడకి. ఈ ఏడాది పులిట్జర్ వచ్చింది, 1992లో మౌస్ అనే గ్రాఫిక్ నవలకి ప్రత్యేక బహుమతి ఇచ్చాక మళ్ళీ ఒక గ్రాఫిక్ పుస్తకానికి రావడం ఇదే. నలుపు తెలుపే, పేజీ నిండా సిరా, ఊపిరాడదు, ఒక్కోచోట అక్షరాలు మరీ ఎక్కువైపోయి బొమ్మకి చోటు లేదు అనిపించింది. అయినా మా ఇంట్లో ఇలా నోరు విప్పని విషయాలు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటూ చదివా.

రెండోది, కామిక్స్‌లో రిపోర్టింగ్ చేసే జో సాకో వేసిన ద వన్స్ అండ్ ఫ్యూచర్ రయట్, అక్టోబర్‌లో వచ్చింది. యూపీలో 2013 ముజఫర్‌నగర్ హిందూ ముస్లిం అల్లర్ల మీద. అరవై మందికి పైగా చనిపోయారు, వేలమంది ఊళ్ళు వదిలిపోయారు. ఆయన ఊరూరా తిరిగి ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ అడుగుతాడు, ఒక్కొక్కరూ చెప్పింది చెప్పినట్టు గీస్తాడు, ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన ఉండదు. ఫొటో అయితే ఒక్కటే ఉంటుంది, బొమ్మ కాబట్టి ఒకే సంఘటన రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది మనకి. తనని తాను మాత్రం ఎప్పట్లాగే కళ్ళు కనపడని గుండ్రటి కళ్ళద్దాలతో వేసుకున్నాడు.

సిల్క్‌బోర్డ్ గారూ, మీ బ్యాట్‌మ్యాన్ నేనూ చదివా. మొదటి నాలుగు బాగున్నాయి, తర్వాత కండలే కండలు.

సిల్క్‌బోర్డ్ బ్యాట్‌మ్యాన్:
కండలు కూడా క్యారెక్టరే సార్ 😄 సరే మీలాంటి వాళ్ళకి అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ సెట్ అవుతుంది, హిక్‌మన్ రాసింది. పీటర్‌కి ముప్పైలు దాటాయి, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, అప్పుడు పవర్స్ వస్తాయి. కుర్రాడి కథ కాదు, ఈఎంఐ వయసు కథ. 24 ఇష్యూలతో ముగించేస్తామన్నారు, కాబట్టి ఏళ్ళ తరబడి సాగుతుందన్న భయం లేదు.

కొనేవాళ్ళకి ఒక మాట, ఆన్‌లైన్లో నొక్కే ముందు బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వర్మ్ పుస్తకాల షాపులు రెండూ ఒక చుట్టు తిరగండి, పాతవి కూడా పెడతారు, అదృష్టం బాగుంటే కొత్తదాని సగం రేటుకి దొరుకుతుంది. శనివారం సాయంత్రం మాత్రం వెళ్ళకండి, ర్యాకుల మధ్య ఊపిరాడదు.

కుడి నుంచి ఎడమకి:
ఇంత పెద్ద లిస్టులో ఒక్కరూ మాంగా పేరెత్తలేదు, ఏం పాపం చేశామండీ మేము. విన్‌లాండ్ సాగా ఈ జులైలో అయిపోయింది, 2005లో మొదలుపెట్టాడు యుకిమురా, ఇరవై ఏళ్ళు. నాన్నని చంపినవాడి మీద పగతో పెరిగిన కుర్రాడు చివరికి నాకు శత్రువులే లేరు అనే మనిషి అవుతాడు, మధ్యలో పొలం దున్నే భాగం ఉంది, యాక్షన్ కోసం వచ్చినవాళ్ళందరూ అక్కడే పారిపోతారు, నాకు అదే ప్రాణం. ఇంకోటి ఫ్రీరెన్, రాక్షసరాజుని చంపేశాక మొదలయ్యే కథ, వెయ్యేళ్ళకు పైగా బతికే మంత్రగత్తెకి తనతో పదేళ్ళు తిరిగిన మనిషి పోయాకగానీ అతని గురించి తనకేం తెలీదని తట్టదు.

హెచ్ఎస్ఆర్ అమ్మ:
ఫ్రీరెన్ మావాడికి ఇవ్వొచ్చా? వాడి ఫ్రెండ్ అన్న చదువుతున్నాడట, ఒకటే గొడవ. మాంగా వెనకనుంచి చదవాలి అంటే వాడికి ఇంకా హుషారు.

కుడి నుంచి ఎడమకి:
ఇప్పుడే వద్దండీ, దాని మీద టీన్ అని ఉంటుంది, రక్తం కొంచెమే గానీ ఎనిమిదేళ్ళకి బోర్ కొడుతుంది. యోత్సుబా కొనివ్వండి, కియోహికో అజుమా వేసింది, ఐదేళ్ళ పిల్ల ఏసీ చూసి, పక్కింటివాళ్ళని చూసి ఆశ్చర్యపోతూ తిరుగుతుంది, అంతే కథ. అదీ వెనకనుంచే చదవాలి. ముందు మీరు చదివేయండి, తర్వాత మీ చేతికి రాదు.