బ్యాంకాక్‌లో ఇద్దరికి ఒక రోజు, 2000 బాట్: గ్రాండ్ ప్యాలెస్ దండగా?

కాకినాడ_కాజా
వచ్చే నెల నేనూ మా ఆయనా థాయ్‌లాండ్ వెళ్తున్నాం. నాలుగు రోజుల్లో మూడు పట్టాయాలో ఆయన ఫ్రెండ్ పెళ్లికే పోతాయి. బ్యాంకాక్ చూడ్డానికి మిగిలింది ఒక్క రోజు, అదీ బుధవారం. ఆ రోజుకి ఇద్దరికీ కలిపి 2000 బాట్ పెట్టుకున్నాం. మాకు బాట్ 2.60 చొప్పున పడింది, అంటే 5200 రూపాయలు.

లెక్క వేస్తే గుండె గుభేలుమంది. గ్రాండ్ ప్యాలెస్ మనిషికి 500, వాట్ ఫో గుడి 300, వాట్ అరుణ్ గుడి 200. ఇద్దరికీ కలిపితే సరిగ్గా 2000! ఇక పడవెక్కకుండా, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరగాలన్నమాట. ప్యాలెస్ ఎత్తేద్దామని నా వాదన. బ్యాంకాక్ వెళ్లి ప్యాలెస్ చూడకపోతే హైదరాబాద్ వెళ్లి చార్మినార్ చూడనట్టే అంటాడాయన. చార్మినార్‌ని రోడ్డు మీంచి ఊరికే చూడొచ్చు కదా అంటే మాట్లాడడు.

మీరే తీర్పు చెప్పండి. నిజాయితీగా చెప్పాలి, నా వైపే చెప్పాలి.

పైసా_వసూల్
కళ్లు మూసుకుని ఎత్తేయండి మేడమ్. నేను పోయినేడు వెళ్లాను. టూరు గ్రూపుల జెండాల వెనక తోసుకుంటూ నడవడమే సరిపోయింది. రాజభవనాల్లో చాలావాటిని బయటినుంచే చూసి రావాలి. ప్యాలెస్ లోపలి గుడిలో అందరూ చెప్పే పచ్చ బుద్ధుడి విగ్రహం ఎత్తు 66 సెంటీమీటర్లు, అది కూడా ఎక్కడో పైన ఉంటుంది. లోపల ఫోటో తీయనివ్వరు. వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు. 500కి 66 సెంటీమీటర్లు, 300కి 46 మీటర్లు. ఇక మీ ఇష్టం.

మెట్రోలో సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగితే వాట్ ఫో నాలుగడుగులు. ఆ స్టేషన్ లోపలే స్తంభాలు, పైకప్పు పాత రాజమందిరంలా కట్టారు, దానికి టికెట్ లేదు. అక్కణ్ణుంచి థా టియన్ రేవుకి నడిచి 5 బాట్ పడవలో నది దాటితే వాట్ అరుణ్.

ఓరుగల్లు_పిల్ల
అన్నా, దేవుణ్ణి సెంటీమీటర్ల లెక్కన కొలుస్తారా? తిరుమలలో గంటలు గంటలు క్యూలో నిలబడి రెండు సెకన్లు చూసి వస్తాం, ఆ లెక్కన మనది ఎంత నష్టం మరి?

అక్కా, ప్యాలెస్ టికెట్‌లో అసలు సంగతి పచ్చ బుద్ధుడు కాదు. ఆ గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామాయణం మొత్తం గీశారు, 178 చిత్రాలు. వాళ్లు రామకియెన్ అంటారు. రావణుడి పేరు తోత్సకన్, మన దశకంఠుడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, పైగా మనవాడిలా బ్రహ్మచారి కాడు, రావణుడి కూతురైన ఒక మత్స్యకన్యను ప్రేమిస్తాడు. మా నానమ్మకి చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మైరావణుడి కథ గుర్తుందా? మన కథల్లో ఆంజనేయుడు తోకని కోటలా చుట్టి రామలక్ష్మణుల్ని కాపలా కాస్తాడు. అక్కడి బొమ్మలో కొండంత పెరిగి, రాముడి విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుంటాడు. కథ తెలియనివాళ్లు ఆ గోడ ముందునుంచి చకచకా నడిచి వెళ్లిపోతుంటే నాకు బాధేసింది. అది చూడాల్సింది మనం. 500 అంటారా, నేనైతే ఆ ఒక్క బొమ్మకే ఇస్తాను.

గచ్చిబౌలి_జీతగాడు
థాయ్‌వాళ్లకి ప్రవేశం ఉచితం, మనకి 500. నాకు ఒళ్లు మండేది అక్కడే. టూరిస్ట్ అంటే నడిచే ఏటీఎం అనుకుంటారు. ఆ ఒక్క కారణానికే నేను వెళ్లలేదు.

సీలోం_సోది
జీతగాడు గారూ, తాజ్‌మహల్‌కి మనకి 50 రూపాయలు, విదేశీయులకి 1100. గోల్కొండకి మనకి 25, వాళ్లకి 300. అప్పుడు ఒళ్లు మండిందా? పైగా ప్యాలెస్‌లో ఉన్నది వాళ్లకి మ్యూజియం కాదు, గుడి. దండం పెట్టుకోవడానికి వచ్చేవాళ్ల దగ్గర టికెట్ ఎలా అడుగుతారు?

నేనిక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఇదే పంచాయితీ. నా లెక్క వేరు: మూడు టికెట్లూ ఒకే రోజు కొనడమే అసలు తప్పు. డబ్బుల సంగతి తర్వాత, మూడో గుడికి వచ్చేసరికి కాళ్లు, కళ్లు రెండూ పనిచేయవు. ఒక్కటే కొనండి. వాట్ అరుణ్‌ని లోపలికి వెళ్లి చూడ్డం కంటే సాయంత్రం ఇవతలి గట్టు నుంచి చూస్తేనే బాగుంటుంది. సూర్యుడు దాని వెనకే దిగుతాడు, తర్వాత దీపాలు వెలుగుతాయి. పైసా ఖర్చు లేదు.

ప్యాలెస్ కొంటే మాత్రం రెండు సంగతులు. పొద్దున 8.30కే గేటు దగ్గర ఉండండి, మధ్యాహ్నం మూడున్నర తర్వాత టికెట్ ఇవ్వరు. రెండోది, అదే టికెట్ మీద సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో ఖోన్ అనే ముసుగుల నాట్యం చిన్న ప్రదర్శన చూడొచ్చు, ప్యాలెస్ నుంచి బండిలో వాళ్లే తీసుకెళ్తారు. ఆడేది రామాయణమే. వారాంతాల్లో ఉండదు, మీది బుధవారం కాబట్టి ఆ రోజు వేళలు కౌంటర్‌లో అడగండి. ఇది తెలియక టికెట్ చించి పారేసేవాళ్లని చాలామందిని చూశాను.

మోసపోయిన_మొనగాడు
ప్యాలెస్‌కి వెళ్లినా వెళ్లకపోయినా ఒకటి చెప్తాను. మేం గోడ పక్కన నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఆపి, "ఈరోజు పూజలున్నాయి, ఒంటిగంట దాకా మూసేశారు, ఈలోగా టుక్‌టుక్‌లో 20 బాట్‌కే మూడు గుళ్లు చూపిస్తారు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, నేనే థాంక్స్ చెప్పాను. ఒక గుడి, ఒక టైలర్ షాపు, ఒక రత్నాల కొట్టు తిప్పారు. నీలం రాయి ఇండియాలో అమ్మితే డబుల్ వస్తుందన్నారు. కొన్నాను. మా ఊరి కంసాలి దాన్ని చూసి నవ్వలేదు, అదే ఇంకా బాధ. ప్యాలెస్ ఆ రోజంతా తెరిచే ఉందట.

బయట ఎవరు ఏం చెప్పినా గేటు దాకా వెళ్లి చూడండి.

పైసా_వసూల్
చూశారా, ప్యాలెస్ వల్ల ఎన్ని అనర్థాలో!

మోసపోయిన_మొనగాడు
అనర్థం ప్యాలెస్‌ది కాదు బ్రదర్, నాది.

శాకాహారి_సత్యం
తిండి సంగతి ఎవరూ చెప్పరేం? అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలతో "జె" అని రాసున్న కొట్లు వెతకండి, అక్కడ మాంసం, చేప ఉండవు. పాహురాత్ అనే మన భారతీయుల పేటలో గురుద్వారా ఉంది, లంగర్ అనే వాళ్ల భోజనశాలలో భోజనం ఉచితం. ప్యాలెస్ నుంచి పెద్ద దూరం కాదు. మీ బడ్జెట్ అక్కడ కలిసొస్తుంది.

దుబాయ్_దంపతులు
అందరూ బాట్లు లెక్కపెడుతున్నారు, ఎండ లెక్కపెట్టరేం? మేం ఇలాగే పొదుపు అనుకుని పడవలూ నడకా పెట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికి రేవు మీదే మా ఇద్దరికీ గొడవైంది. మూడు గంటలు మాటల్లేవు. 150 బాట్ పెట్టి ఏసీ కారు బుక్ చేసుకుని ఉంటే పోయేదానికి సాయంత్రమంతా పాడైంది. టికెట్ ఏదైనా కొనండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మాత్రం నీడలో ఉండండి.

సీలోం_సోది
ఇది మాత్రం నిజం. కానీ ఆ పేటలో సాయంత్రం కారు ఎక్కితే ట్రాఫిక్‌లో ఏసీ కింద కూర్చుని పోట్లాడుకుంటారు. తిరుగు ప్రయాణానికి నారింజ జెండా పడవ మనిషికి 16 బాట్, సాథోర్న్ రేవులో దిగితే అక్కడే స్కైట్రైన్. నీలం జెండా పడవ టూరిస్టులది, ధర ఎక్కువ. రేవులో పిలిచి పిలిచి అదే అంటగడతారు, మొహమాటపడకండి.

కాకినాడ_కాజా (ఐదు వారాల తర్వాత)
వెళ్లొచ్చాం. చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

ప్యాలెస్‌కే వెళ్లాం, ఒక్కటే టికెట్. మా ఆయన మోకాళ్ల పైకి ఉన్న నిక్కరుతో దిగాడు. గేటు దగ్గర వెనక్కి పంపారు. ఎదురుగా కొట్టులో ఏనుగుల బొమ్మల పైజామా 200 బాట్. బేరమాడే టైమ్ లేదు, నా బడ్జెట్‌కి మొదటి చిల్లు అక్కడే. నేను పంజాబీ డ్రెస్‌లో దర్జాగా లోపలికి వెళ్లాను.

పైసా వసూల్ గారూ, మీరన్నదీ నిజమే. పచ్చ బుద్ధుణ్ణి చూశానా అంటే చూశాను, ముఖం మాత్రం కనపడలేదు. జనం తోపిడి మీరు చెప్పినదానికి రెండింతలు. 46 మీటర్ల బుద్ధుడు ఉన్న గోడ పక్కనుంచే రేవుకి నడిచాం, లోపలికి వెళ్లలేదు. అది ఇప్పటికీ కలుక్కుమంటూనే ఉంది.

ఖోన్ చూశాం. ఏసీ హాలు, మధ్యాహ్నం ఎండ అలా గడిచిపోయింది. భాష తెలియకపోయినా ఎవరెవరో తెలుస్తూనే ఉంది. సాయంత్రం గట్టు మీద కూర్చుని వాట్ అరుణ్ చూశాం, మామిడిపండు-జిగురన్నం ఒక ప్లేటు తీసుకుని ఇద్దరం తిన్నాం. చివరికి మిగిలింది 40 బాట్.

ఓరుగల్లు పిల్లా, ఆ నోటి బొమ్మ కోసం వసారాలో గంట తిరిగాను. నీడ పట్టున కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మనిషే చివరికి కనిపెట్టాడు. ఏనుగుల పైజామా ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చి, "ఇదిగో, మీ ఆంజనేయుడు ఇల్లు మింగేస్తున్నాడు రా" అని అరిచాడు. కాపలావాళ్లు మా వైపు చూశారు.