దుకాణంలో విండోస్, ఇంట్లో మ్యాక్, నాది ఉబుంటు: రిమోట్ కుదరట్లేదు, చేసినవాళ్లు చెప్పండి

ఎనుమాముల_అడ్తి
అందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్ యార్డులో మాది అడ్తి దుకాణం, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెడతాం. బాపుకు మోకాలి ఆపరేషన్ అయింది, రెండు నెలలు మెట్లు దిగొద్దన్నారు. మిర్చి సీజన్ నడుస్తోంది, లెక్కలు ఆగవు. దుకాణంలో విండోస్ 11 కంప్యూటర్ ఉంది, ట్యాలీ, తక్‌పట్టీల (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీల) సాఫ్ట్‌వేర్ రెండూ అందులోనే. హన్మకొండ ఇంట్లో అక్క మ్యాక్ ఉంది, బాపు దాంట్లో చూస్తానంటున్నాడు. నా లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04.

దుకాణం కంప్యూటర్ సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆ కంప్యూటర్ నడిపేది) నొక్కితే ఈ ఎడిషన్‌లో అది లేదని వస్తోంది. రూటర్‌లో దానికి బయటి నుంచి దారి ఇచ్చే 3389 పోర్టు కూడా తెరిచాను, ఏమీ మారలేదు. దుకాణం నుంచి నా ఉబుంటులోకి వెళ్దామంటే నల్ల స్క్రీన్. ఇంకొకటి, ఇంటి దగ్గర ప్రింట్ కొడితే తక్‌పట్టీ దుకాణంలో ఉన్న డాట్ మ్యాట్రిక్స్‌లోనే రావాలి. రైతు అక్కడే నిలబడి ఉంటాడు కదా. మూడు రోజులుగా ఇదే టెన్షన్.

సుబేదారి_సిస్టమ్స్
తమ్మీ, అది హోమ్ ఎడిషన్. హోమ్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి పోవచ్చు, హోమ్‌లోకి మాత్రం ఆ పద్ధతిలో రాలేం. విండోస్ ప్రో ఎడిషన్ చేయించు. పన్నెండేళ్లుగా వరంగల్, కరీంనగర్‌లో సర్వర్లు చూస్తున్నాను, పది దుకాణాలకు ఇలాగే పెట్టి ఇచ్చాను. ప్రో అయ్యాక 3389 వదిలేసి 45 వేల పైన ఏదో ఒక నంబర్ పెట్టు, ఎవడికీ దొరకదు. లాగిన్‌లో పిన్ కొట్టకు, పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే దాని పాస్‌వర్డే కొట్టాలి. ఎంతమంది ఇక్కడే ఆగిపోయి నాకు ఫోన్ చేశారో లెక్క లేదు.

రైస్‌మిల్_పెద్దపల్లి
ఆ పోర్టు ఈ రాత్రే మూసేయండి. మిగతా సంగతులు తర్వాత.

మా మిల్లులో మూడేళ్ల కింద ఇదే చేశాం. ఒక ఆదివారం పొద్దున వచ్చి చూస్తే ఏ ఫైలూ తెరుచుకోలేదు. పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు, డెస్క్‌టాప్ మీద డబ్బులు కట్టమని ఒక నోట్. బ్యాకప్ తీసుకునే డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే గుచ్చి ఉండేది, అదీ పోయింది. సీఎంఆర్ (ప్రభుత్వానికి మరపట్టి ఇచ్చే బియ్యం) లెక్కలన్నీ చిట్టీలు ముందేసుకుని రెండు నెలలు మళ్లీ ఎక్కించాం. మా గుమస్తా, నేను రాత్రి పదకొండు దాకా కూర్చునేవాళ్లం. మా దాంట్లో కూడా పోర్టు నంబర్ మార్చే ఉంది.

సుబేదారి_సిస్టమ్స్
పాస్‌వర్డ్ ఏం పెట్టారో అది కూడా చెప్పండి సార్. తాళం వేయకుండా దొంగ వచ్చాడంటే తలుపుదా తప్పు?

రైస్‌మిల్_పెద్దపల్లి
మిల్లు పేరు, పక్కన 123. చిన్న పాస్‌వర్డే, ఒప్పుకుంటాను. కానీ మాకు పెట్టిచ్చిన మనిషి కూడా "నంబర్ మార్చాను, ఎవడికీ దొరకదు" అనే చెప్పాడు. అదే మాట మీరు ఇంకొకరికి చెబుతుంటే నేను ఊరుకోలేను.

కరీంనగర్_ఫైబర్
పెద్దపల్లి సార్ చెప్పిందే నిజం. నంబర్ మార్చడం అంటే ఇంటి నంబర్ పలక తీసేయడం లాంటిది, ఇల్లు అక్కడే ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులన్నింటినీ, 65,535 పోర్టులనూ తట్టి చూసే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. నమ్మకపోతే పోర్టు తెరిచిన ఏ విండోస్‌లోనైనా ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తీసి 4625 అని వెతకండి. లాగిన్ కాలేకపోయిన ప్రతి ప్రయత్నం అక్కడ పడుతుంది. ఒక్క రాత్రిలో ఎన్ని వస్తాయో చూశాక పోర్టు తెరవమని ఇంకెవరికీ చెప్పబుద్ధి కాదు.

అన్నిసార్లూ పాస్‌వర్డ్‌ది కూడా తప్పు కాదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. అది ఎంత ప్రమాదమంటే, సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. యార్డుల్లో, మిల్లుల్లో విండోస్ 7 మిషన్లు ఇప్పటికీ ఉన్నాయి.

సుబేదారి_సిస్టమ్స్
2019 సంగతి 2019లోనే అయిపోయింది. నేను పెట్టిన పది దుకాణాల్లో ఒక్కటీ పోలేదు.

కరీంనగర్_ఫైబర్
పోలేదంటే ఇంకా ఎవడూ దూరలేదని అన్నా. ఆ పది మందికీ ఫోన్ చేసి మూయించండి. అనుభవం మీకు ఉంది, నేను కాదనను. అందుకే మీ మాట నలుగురూ వింటారు.

అడ్తి భాయ్, పోర్టు తెరిచినా లాభం లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (రూటర్‌కు సర్వీస్ వాళ్లు ఇచ్చిన నంబర్) చూడు. గూగుల్‌లో "నా ఐపీ" అని కొడితే వచ్చేది కూడా చూడు. రెండూ వేరైతే నీ కనెక్షన్ సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామందికి కలిపి ఇస్తారు, నీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు నీ దాకా రాలేరు.

ఎనుమాముల_అడ్తి
రూటర్‌లో 100.72 తో మొదలైంది, గూగుల్‌లో వేరేది వచ్చింది. పోర్టు మూసేశాను.

జగిత్యాల_లైనక్స్
100 తో మొదలైతే బయటి నుంచి రాలేమని ఎవరన్నారు? మా ఇంటి ల్యాప్‌టాప్ అడ్రస్ 100 తోనే మొదలవుతుంది. నేను దుబాయ్ నుంచి రోజూ లాగిన్ అవుతున్నాను. తెలియకుండా భయపెట్టకండి.

కరీంనగర్_ఫైబర్
టెయిల్‌స్కేల్ వాడుతున్నారా?

జగిత్యాల_లైనక్స్
అవును, అయితే?

కరీంనగర్_ఫైబర్
అయితే మీ 100 వేరు, ఆయన 100 వేరు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను సర్వీస్ కంపెనీలు లోపల వాడుకోవడానికని పక్కన పెట్టారు. టెయిల్‌స్కేల్ కూడా తన ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అవే వాడుతుంది. మీ రెండు మిషన్ల మధ్య అది సొంతంగా దారి వేస్తుంది, పోర్టు తెరిచే పని లేదు. అడ్తి భాయ్‌కి వచ్చింది సర్వీస్ వాళ్లు ఇచ్చిన లోపలి అడ్రస్.

జగిత్యాల_లైనక్స్
సరే, అది నాకు తెలియదు. కానీ మాట తీరు కొంచెం చూసుకోండి.

ఉబుంటు నల్ల స్క్రీన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఎక్స్‌ఆర్‌డీపీ (ఉబుంటులోకి బయటి నుంచి రానిచ్చే ప్రోగ్రాం) వేశారు కదా? అదే యూజర్‌తో ఇంట్లో లాప్‌టాప్ లాగిన్ అయి ఉంటే నల్ల స్క్రీనే వస్తుంది. ఇంట్లో లాగౌట్ చేసి చూడండి. నాకు ఇది తెలియడానికి రెండు శుక్రవారాలు పట్టింది, మా ఆవిడను ఫోన్‌లో లాగౌట్ చేయమన్నాక వెంటనే వచ్చింది. 24.04 లో సెట్టింగ్స్, సిస్టమ్ కింద రిమోట్ లాగిన్ అని సొంతదే ఉంది, కుదిరితే ఎక్స్‌ఆర్‌డీపీ తీసేసి అది వాడండి. స్క్రీన్ చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌ను ఆపేసి పాత జోర్గ్ వాడమని పాత సలహాలు కనిపిస్తాయి. 25.10 నుంచి ఉబుంటు డెస్క్‌టాప్‌లో జోర్గ్ సెషనే లేదు, ఆ దారికి అలవాటు పడొద్దు.

బట్టలబజార్_డీటీపీ
రిమోట్‌లో తెలుగు టైపింగ్ గురించి ఎవరైనా చెప్తారా? పెళ్లి పత్రికలు ఇంటి నుంచి చేద్దామని రస్ట్‌డెస్క్ అనే రిమోట్ యాప్ వేశాను. షాపులో అను (పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్), దాంట్లో ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్. ఇంటి నుంచి కొడితే ఒత్తులన్నీ చిందరవందర.

జగిత్యాల_లైనక్స్
ఈ కాలంలో కూడా అను ఏంటి మేడమ్? యూనికోడ్‌కు మారండి.

బట్టలబజార్_డీటీపీ
పత్రిక మీద వచ్చే ఆ అక్షరాల అందం నాకు యూనికోడ్‌లో ఇంకా దొరకలేదు. కస్టమర్ పాత పత్రిక చూపించి "అచ్చం ఇలాగే" అంటాడు. ఇరవై ఏళ్ల ఫైళ్లున్నాయి. మారమనడం సులువు.

మడికొండ_మ్యాక్
అక్కా, ఇంట్లో కూడా తెలుగు కీబోర్డ్ ఆన్ చేసి ఉందా? తెలుగు ఒక్క చోటే ఉండాలి. ఇంట్లో ఇంగ్లీష్ పెట్టి, షాపు వైపు మాత్రమే అను ఆన్ చేయండి. రస్ట్‌డెస్క్ పైన కీబోర్డ్ గుర్తు నొక్కితే మ్యాప్ మోడ్, ట్రాన్స్‌లేట్ మోడ్ ఉంటాయి, మ్యాప్ పెట్టండి. మీరు ఏ కీ నొక్కారో అదే అక్కడికి వెళ్తుంది.

బట్టలబజార్_డీటీపీ
వచ్చింది! క్ష కూడా సరిగా పడింది. నీకు పుణ్యముంటుంది తల్లీ.

మంచిర్యాల_రిటైర్డ్
నేను సింగరేణిలో చేసి రిటైర్ అయ్యాను. ఇవన్నీ మంచికే అనుకుంటున్నారు. పోయిన సంవత్సరం బ్యాంకు నుంచి అని ఒకడు ఫోన్ చేసి, కేవైసీ కోసమని ఇలాంటి యాప్ వేయించి, తొమ్మిదంకెలు చదవమన్నాడు. చదివాను. నా కళ్ల ముందే ఫోన్ దానంతట అది కదిలింది. పెన్షన్ డబ్బులు పోయాయి. మా కోడలు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేస్తే కొంత ఆపగలిగారు. ఇలాంటి యాప్‌లు ఇంట్లో పెద్దవాళ్లకు పెట్టొద్దని నా మాట.

రైస్‌మిల్_పెద్దపల్లి
కాకా, మీ బాధ నాకు అర్థమవుతుంది. మీరు చెప్పింది అందరూ చదవాలి. ఎవరైనా ఫోన్ చేసి వేసుకోమంటే వేసుకోవద్దు, మనంతట మనం పెట్టుకున్నా ఆ నంబర్ ఎవరికీ చెప్పొద్దు.

మడికొండ_మ్యాక్
అసలు ప్రశ్నకు వస్తే, అడ్తి అన్నా, నాదొక సందేహం. మీ బాపు ఇంట్లో చూస్తున్నప్పుడు దుకాణంలో గుమస్తా కూడా అదే కంప్యూటర్ మీద పనిచేయాలా?

ఎనుమాముల_అడ్తి
అవునక్కా, తక్‌పట్టీ ఆయనే రాస్తాడు. బాపు చూసి రేటు, కమీషన్ సరిచేస్తాడు.

మడికొండ_మ్యాక్
అయితే ప్రో కొనొద్దు! విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌లో ఒకసారికి ఒకరే. బాపు లాగిన్ అవ్వగానే గుమస్తా ముందు స్క్రీన్ లాక్ అవుతుంది, గుమస్తా తెరిస్తే బాపు బయటికి వస్తాడు. కాంటా దగ్గర రైతు నిలబడి ఉండగా ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. మీకు కావాల్సింది ఒకే స్క్రీన్‌ను ఇద్దరూ చూసేది. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ గానీ రస్ట్‌డెస్క్ గానీ పెట్టండి. హోమ్‌లో పనిచేస్తాయి, పోర్టు అక్కర్లేదు. క్రోమ్‌ది అయితే మ్యాక్‌లో, ఉబుంటులో బ్రౌజర్ చాలు, పిన్ కనీసం ఆరంకెలు ఉండాలి. ప్రింట్ బాధ కూడా పోతుంది, ఎందుకంటే ప్రింట్ కొట్టేది దుకాణం కంప్యూటరే.

క్రోమ్‌ది అయితే చూడటానికి మ్యాక్‌లో ఏ పర్మిషనూ అక్కర్లేదు. ఎప్పుడైనా తిరగేసి, మ్యాక్‌ను బయటి నుంచి చూడాలంటే మాత్రం ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ రెండూ ఇచ్చి ఆ యాప్ మూసి తెరవాలి. లేకపోతే వాల్‌పేపర్ ఒక్కటే కనిపిస్తుంది.

సుబేదారి_సిస్టమ్స్
గుమస్తా సంగతి నేను అడగాల్సింది. తమ్మీ, ఈ అక్క చెప్పినట్టు చెయ్యి. ఇంకొకటి, స్లీప్‌ను నెవర్ చెయ్యి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది, దాన్ని పవర్ ఆన్ పెట్టు. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ దానంతట అదే లేస్తుంది. రూటర్‌ను కూడా ఇన్వర్టర్ లైన్‌కు కలిపించు, కంప్యూటర్ ఒక్కటే ఉండి నెట్ లేకపోతే ఏం లాభం.

ఎనుమాముల_అడ్తి
రెండు రోజులు వాడి చూసి రాస్తున్నాను. క్రోమ్‌ది పెట్టాను. నిన్న పొద్దున తేజ రకం మిర్చి బాగా వచ్చింది, బాపు మంచం మీద కూర్చుని మ్యాక్‌లో ఒక్కొక్క తక్‌పట్టీ చూశాడు. ఒకదాంట్లో హమాలీ రెండుసార్లు పడింది, ఇంటి నుంచే సరిచేసి ప్రింట్ కొట్టాడు. దుకాణంలో గరగరమని కాగితం బయటికి వచ్చింది, రైతు చేతికిచ్చాం. మధ్యాహ్నం కరెంటు పోయింది, రూటర్ ఆగలేదు. ఉబుంటు కూడా లాగౌట్ చేశాక వచ్చింది.

రైస్‌మిల్_పెద్దపల్లి
చాలా సంతోషం. బ్యాకప్ డ్రైవ్ కంప్యూటర్‌కే ఉందా, తీశారా?

ఎనుమాముల_అడ్తి
తీశాను సార్. రాత్రి షట్టర్ వేసే ముందు కాపీ చేసుకుని, డ్రైవ్ జేబులో పెట్టుకుని ఇంటికి తెస్తున్నాను.