నాటకంలో నవ్వు తప్పుడు మనిషి మీద పడుతోంది, ఏం చేయను?

ప్రశ్న:
గంటంబావు నాటకం రాసి రిహార్సల్స్ చేయిస్తున్నాను. కథ జరిగేది ఒక సంరక్షణ కేంద్రంలో. అక్కడున్నవాళ్లకు పేర్లుండవు. మెడలో వేలాడే అట్టల మీద 'మందబుద్ధి, రెండో తరగతి', 'తిరగబడే రకం', 'బాగుపడడు' అని రాసి ఉంటుంది. అన్నం గంట కొట్టి ఆ మాటలతోనే పిలుస్తారు. మొన్న పదిమందిని పిలిచి చూపించాను. మందబుద్ధి అట్ట ఉన్న అతను చెంచా జారవిడవగానే అందరూ పగలబడి నవ్వారు. నేను ఎండగట్టాలనుకున్నది ఆఫీసుని, అతన్ని కాదు. మా అన్నయ్యను చిన్నప్పుడు ఒక బడి ఇలాంటి మాటే రాసి ఇంటికి పంపేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సీన్ తీసేయాలా?

తెరచాటు:
తీసేయకండి. చెంచా పడ్డాక గుమాస్తా ఏం రాస్తాడో చూపించండి. 'వస్తువులు పారవేయు స్వభావం.' అతను ఏడిస్తే, 'కారణం: ఏడ్చే స్వభావం.' ఇలాంటి గుమాస్తా వేషం నేను వేశాను. అరిచి చెప్పిన రోజు జనం నన్ను విలన్ అనుకుని హాయిగా కూర్చున్నారు. మర్యాదగా, దస్తూరి చెడకుండా రాసుకుంటూ చెప్పిన రోజు ఎవరూ కదల్లేదు.

పాతకాగితం:
ఈ మాటల్లో కొన్ని తిట్లుగా పుట్టలేదండీ. 'మోరాన్' (మందబుద్ధి) అనే మాటను 1910లో హెన్రీ గొడ్డార్డ్ అనే అమెరికన్ సైకాలజిస్టు గ్రీకు పదం నుంచి తయారుచేశాడు. బ్రిటన్‌లో 1913 నాటి చట్టం మనుషుల్ని ఇడియట్, ఇంబెసిల్ అంటూ తరగతులుగా విడగొట్టింది. వాటిని సంతకాలు, ముద్రలు వేసి వాడారు. అమెరికా ఫెడరల్ చట్టాల్లో 'మెంటల్ రిటార్డేషన్' (బుద్ధిమాంద్యం) పోయి 'ఇంటెలెక్చువల్ డిజబిలిటీ' (మేధో వైకల్యం) వచ్చింది 2010లో. ఆ మార్పు అవసరమే, దానికోసం కుటుంబాలు పోరాడాయి. కానీ మీ కేంద్రంలో అట్టలు మార్చే రోజు ఒకటి పెట్టి చూడండి. కొత్త మాట మెత్తగా ఉంటుంది, తలుపు గడియ మాత్రం ఇంకా బయటివైపే ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
ఇలాంటి చోట ఆరేళ్లు పనిచేశాను. షిఫ్టు మారేటప్పుడు 'తినిపించాల్సినవి మూడు' అని నేనే చెప్పేదాన్ని. ఒక పెద్దావిడ నన్ను రోజూ పేరు పెట్టి పిలిచేది. ఆవిడ పేరు కోసం నేను ఫైలు వెతుక్కోవాల్సి వచ్చింది. గుమాస్తాను దుర్మార్గుణ్ణి చేయకండి. అలిసిపోయినవాణ్ణి చేయండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న మళ్లీ అదే పదిమందికి చూపించాను. చెంచా ఉంచాను. అతను వంగి తీసుకుని, తుడుచుకుని, తన పేరు చెబుతాడు. రాసుకుందామని గుమాస్తా ఫారం తిప్పి తిప్పి చూస్తాడు, పేరుకు గడి ఉండదు. నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది. ఆ పాత్రకు మా అన్నయ్య పేరే పెట్టాను. అన్నయ్యను అడిగే పెట్టాను.