ఆయుష్షు లెక్క ఒకటే అయినప్పుడు పేగు లింఫోమాకు రెండు పేర్లెందుకు?

వార్డు_రౌండ్స్:
పేగులో పుట్టే టీ సెల్ లింఫోమాకు (టీ రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) 2008లో డబ్ల్యూహెచ్‌ఓ ఒకే పేరు పెట్టి, లోపల టైప్ 1, టైప్ 2 అని చూపింది. 2016 సవరణలో విడదీసింది. సీలియాక్ జబ్బుతో (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ముడిపడిన టైప్ 1 ఈఏటీఎల్ అన్న పేరుతో మిగిలింది, సీలియాక్‌తో ముడిపడని టైప్ 2కు ఎంఈఐటీఎల్ అన్న కొత్త పేరు వచ్చింది. సరే, పేషెంటుకు ఒరిగిందేమిటి? రెండింటిలోనూ దాదాపు సగం మంది ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారు. ఇద్దరికీ మొదట పెట్టేది ఎక్కువగా చాప్ (నాలుగు మందులు కలిపి ఇచ్చే పాత పద్ధతి) తరహా కీమోనే. అసలే అరుదైన జబ్బు, దాన్నీ రెండు ముక్కలు చేస్తే ట్రయల్స్‌కి మనుషులెక్కడ దొరుకుతారు? నా ఓటు ఒకే పేరుకు.

స్లైడ్_బాక్స్:
ఒప్పుకోనండి. ఎన్నాళ్లు బతికారన్నది చివర్లో తేలే లెక్క. జబ్బు ఎందుకు వచ్చిందో అది చెప్పదు.

స్లైడ్ మీద చూడండి. ఎంఈఐటీఎల్‌లో కణాలన్నీ ఒకే సైజు, ఒకే వాలకం. పేగు లోపలి పొరలోకి గుంపులుగా చొరబడి ఉంటాయి. కణాన్ని గుర్తుపట్టడానికి చూసే మార్కర్లలో సీడీ 8, సీడీ 56 సాధారణంగా పాజిటివ్. చాలామందిలో సెట్‌డీ2 జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఈఏటీఎల్‌లో చిన్నా పెద్దా కణాలు కలగలిసి, చుట్టూ వాపు కణాలు, మధ్యమధ్య కుళ్లిన కణజాలం. సీడీ 56 మామూలుగా ఉండదు, సీడీ 30 తరచుగా ఉంటుంది. ఉంటే, సీడీ 30 ఉన్న కణాల మీద పనిచేసే బ్రెంటుక్సిమాబ్ మందు గురించి ఆలోచించవచ్చు. ఒకే పేరు పెడితే ఈ తేడా రిపోర్టులో ఎవరికి కనపడుతుంది?

మన వైపు సీలియాక్ తక్కువ, ఆసియాలో ఎక్కువగా కనిపించేది ఎంఈఐటీఎలే. ఆ పేషెంటు ఇంట్లోవాళ్లతో గోధుమలు మాన్పించమంటే ఉపయోగం ఏముంది?

ఇంకో సంగతి. పేగులో ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉండే టీ సెల్ జబ్బు ఒకటుంది. చాలామంది దానితోనే ఎన్నో ఏళ్లు బతుకుతారు. దాన్ని గుర్తించక కీమో ఇచ్చిన సందర్భాలున్నాయి. అలాంటివాళ్లు నలుగురు మీ లెక్కలో కలిస్తే గ్రాఫ్ మొత్తం బాగున్నట్టు కనిపిస్తుంది. వైద్యం వల్ల కాదు.

వార్డు_రౌండ్స్:
నెమ్మది జబ్బును వేరుగా ఉంచాలన్నది నిజమే. కానీ ఆశ కలిగించిన లెక్క పాత ఒకే పేరు కింద వచ్చిందే కదా? 2010లో ఉత్తర ఇంగ్లండ్ డాక్టర్లు గట్టి కీమో ఇచ్చి, ఆ తర్వాత వీలైనవాళ్లకు సొంత మూలకణాలనే తిరిగి ఎక్కించే పద్ధతిలో వైద్యం చేసిన 26 మందిలో ఐదేళ్ల తర్వాత 60 శాతం బతికి ఉన్నారని చూపించారు. పాత పద్ధతి వైద్యంలో 22 శాతమే.

థియేటర్_నుంచి:
సర్జన్‌గా ఒక మాట. ఆ 26 మందీ గట్టి వైద్యానికి తట్టుకోగలరని ఎంచినవాళ్లు. పోల్చింది పాత రికార్డులతో. ఆ వైద్యం దండగ అనడం లేదు, కానీ తేడా అంతా మందుదే అనలేం.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పేగుకు చిల్లు పడి, అర్ధరాత్రి వస్తారు. అప్పటికే బరువు పోయి, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోయి ఉంటుంది. కుట్లు మానవు, చీము పడుతుంది, కీమో వాయిదా మీద వాయిదా. కొందరికి మొదటి డోసు కూడా అందదు. వాళ్లను వదిలేసి తీసే లెక్క లెక్కే కాదు.

తీసిన పేగులో చిల్లు అంచునే కోసి పంపకండి. అక్కడ కుళ్లిన కణజాలమే వస్తుంది. గడ్డ ఉన్న గోడ, పక్క లింఫు గ్రంథులు కూడా పంపాలి. టీబీయో క్రోన్సో (పేగు వాపు జబ్బు) అని బయాప్సీకి ముందే స్టెరాయిడ్ మొదలుపెడితే లింఫోమా కొన్నాళ్లు అణిగిపోయి స్లైడ్‌లో దొరకదు. పేరు ఒకటా రెండా అని వాదించుకోవడానికి ముందు ముక్క సరిగ్గా అందాలండి.

స్లైడ్_బాక్స్:
అక్షరాలా నిజం. మార్కర్లకు సరిపడా ముక్క లేక "టీ సెల్ లింఫోమా" అని రాసి ఆపేయాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

వార్డు_రౌండ్స్:
ట్రయల్ విషయంలో నా మాట అదే: ఇద్దరినీ ఒకే ట్రయల్‌లో చేర్చుకోవాలి. ఫలితాలు మాత్రం విడివిడిగా చూపించమంటే నాకు అభ్యంతరం లేదు. లెక్క డయాగ్నసిస్ అయిన రోజు నుంచే మొదలవ్వాలి, కీమో అందనివాళ్లు కూడా అందులో ఉండాలి.