వరికి తెగులు కనబడకముందే మందు కొట్టాలా?

ఉప్పల్_నివాసి: నల్గొండ జిల్లాలో మాకు నాలుగెకరాలుంది, కౌలుకిచ్చి నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. సాంబమసూరి వేయించాం, కంకి ఇంకా బయటికి రాని పొట్ట దశలో ఉంది. ఆకు మీద ఒక్క మచ్చ లేదు, అయినా కౌలుదారు అగ్గితెగులు మందు ట్రైసైక్లజోల్ కొడతానంటున్నాడు. రోగం లేనివాడికి మందెందుకండీ? ఆ బియ్యమే మా ఇంట్లో తింటాం. బియ్యంలో ఈ మందు అవశేషాల పరిమితిని యూరప్ వాళ్లు 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించారు. ఊరికే తగ్గించరు కదా.

గట్టుమీద_రైతు: కనబడ్డాక కొడితే ఏం లాభమండీ? అది మెడవిరుపు, అంటే అగ్గితెగులు వెన్ను (కంకి) మెడకు పాకడం. వెన్ను మెడ నల్లబడిందంటే పైకి పాలు అందవు, గింజలన్నీ తాలే. పోయిన యాసంగిలో మా పక్క మడి ఆయన ఇంకా చూద్దాం చూద్దాం అన్నాడు, రాత్రిపూట చలి, పొద్దున మంచు, పైగా యూరియా దండిగా వేశాడు. వెన్ను బయటికి వచ్చాక చూస్తే చేను సగం తెల్లగా నిలబడింది.

ఉప్పల్_నివాసి: పక్క మడికి వస్తే అందరికీ వస్తుందని ఎక్కడుంది? చూసి కొట్టమని వ్యవసాయ అధికారులే చెబుతారు.

రాజేంద్రనగర్_విద్యార్థి: మీరిద్దరూ వేర్వేరు తెగుళ్ల గురించి మాట్లాడుతున్నారు. చూసి కొట్టాలన్న మాట పాముపొడ తెగులుకు సరిపోతుంది. అది గట్ల పక్కన, నీటిమట్టం దగ్గర మొదలై పైకి పాకుతుంది, కనబడగానే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. కలిపి దుబ్బు మొదళ్లు తడిసేలా కొడితే ఆగుతుంది. అగ్గితెగులు మెడకు పాకితే వెనక్కి తేలేం. అందుకే వాతావరణం అనుకూలంగా ఉండి, రకం తట్టుకోలేనిదైతే పొట్ట చివర్లో, వెన్ను తొంగిచూసేటప్పుడు కొట్టమంటారు. ట్రైసైక్లజోల్ లీటరు నీటికి 0.6 గ్రాము, ఎకరాకు 200 లీటర్లు, అంటే 120 గ్రాములు.

కోదాడ_పిల్లోడు: మా నాన్నకైతే ఎండాకు తెగులుకు దుకాణంలో మూడు రకాలు కలిపి ఇచ్చారు. అది బాక్టీరియా, ఈ మందులకు లొంగదు. డబ్బు పోయింది, పంటా పోయింది. మందు అమ్మేవాడే డాక్టరైతే ఇంతే.

ఉప్పల్_నివాసి: అదే నేను చెప్పేది! 200 లీటర్లు ఎవరు కొడుతున్నారు? మావాడు ట్యాంకులు ఎన్ని కొట్టాడో లెక్కే ఉండదు. నీళ్లు తగ్గిస్తే మందు చిక్కబడుతుంది, ఆ అవశేషమంతా మాకే.

గట్టుమీద_రైతు: నీళ్లు తగ్గిస్తే చిక్కబడుతుంది గానీ ఎకరాకు పడే మందు 120 గ్రాములే కదా. డ్రోన్ అయితే ఎకరాకు పదిలీటర్లతోనే కొడుతుంది.

ఉప్పల్_నివాసి: పదిలీటర్లతో ఆకు తడుస్తుందా? ముందు దీనికి జవాబు చెప్పండి.

గట్టుమీద_రైతు: ట్యాంకుల లెక్క పక్కన పెట్టండి సార్, నాకు ఒకటి చెప్పండి. కౌలు ఎలా మాట్లాడుకున్నారు? పంట పోతే తగ్గిస్తారా?

ఉప్పల్_నివాసి: ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పందం. పోయినా వచ్చినా అంతే. దీనికీ మందుకూ సంబంధమేంటి?

గట్టుమీద_రైతు: సంబంధమంతా అక్కడే ఉంది! నేనూ కౌలు రైతునే. చేను పోతే మా ఓనరు ఫోన్ చేసి అడిగేది బస్తాలెప్పుడొస్తాయనే. విత్తనం అప్పు, యూరియా అప్పు, కోత మిషన్ బాకీ, పైన కౌలు. మీ గింజ ఎక్కడికీ పోదు, పోయేదంతా ఆయనది. మందు డబ్బులు కూడా ఆయనే పెట్టుకుంటున్నాడు కదా? మరి వద్దనే అధికారం మీకెక్కడిది?

ఉప్పల్_నివాసి: భూమి నాది. మా పిల్లలు తినే బియ్యం గురించి అడిగే హక్కు నాకుంది. దీన్ని ఓనరు, కౌలుదారు గొడవ చేయకండి.

రాజేంద్రనగర్_విద్యార్థి: సాంబమసూరే వేయాలని ఎవరన్నారు సార్?

ఉప్పల్_నివాసి: నేనే. మా అమ్మకు ఆ బియ్యమే కావాలి.

రాజేంద్రనగర్_విద్యార్థి: మరి అగ్గితెగులుకు తొందరగా లొంగే రకాన్ని మీరే అడిగి, దానికి కొట్టే మందు మాత్రం వద్దంటే ఆయనేం చేయాలి? తెలంగాణ సోన, ఆర్‌ఎన్‌ఆర్ 15048, మా రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే వచ్చింది. అగ్గితెగులును తట్టుకుంటుంది, సన్నరకమే, పంటకాలం కూడా సాంబమసూరి కంటే తక్కువ. యూరియా ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా వేసి, గట్ల మీద గడ్డి తీసేస్తే మందు అవసరం ఇంకా తగ్గుతుంది. ఈ సీజన్‌కైతే పొట్ట చివర్లో ఒక్కసారి, సరైన మోతాదులో. అక్కడి నుంచి కోతకు దాదాపు నెల ఉంటుంది. ఆ తర్వాత దుకాణం వాళ్లు చెప్పారని ఇంకోసారి కొట్టొద్దని అడగండి, అది న్యాయమైన మాట.

కోదాడ_పిల్లోడు: సన్నవడ్లకు ప్రభుత్వం క్వింటాకు 500 బోనస్ ఇస్తోంది, సోన వేస్తే ఆయనకూ నష్టం లేదు.

ఉప్పల్_నివాసి: రకం మార్చడం గురించి అమ్మతో మాట్లాడతాను. కౌలు తగ్గించే మాట మాత్రం ఇవ్వలేను, ఆ గింజల మీదే ఆమె మందుల ఖర్చు నడుస్తోంది.

గట్టుమీద_రైతు: ఆ ఇబ్బంది నిజమే సార్, కాదనను. కౌలు తగ్గించలేనప్పుడు కొట్టాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి. ఈ వారం మబ్బు పట్టి ఉంది, రేపే ఫోన్ చేసి చెప్పండి.