సంక్రాంతి బ్యాడ్జీల జాబితా: తెలుగు పేర్లు చెడకుండా చూడాలి

పేర్ల నమోదు, డాలస్:
మాస్టారూ, ఇక్కడ మన సంక్రాంతి వేడుకకు వచ్చేవాళ్ల బ్యాడ్జీల కోసం మీరు పంపిన సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే ఊళ్ల పేర్లన్నీ ఏవో వింత గుర్తులుగా కనబడుతున్నాయి. ఫోను నంబర్లు మాత్రం బాగున్నాయి. బుధవారం ముద్రణకు ఇవ్వాలి. పేర్లన్నీ మళ్లీ టైపు చేయించాలా?

జాబితా తయారీ, అమలాపురం:
అక్కర్లేదమ్మా. ముందు ఆ ఫైలును సేవ్ చేయకుండా మూసేయండి. పేర్లు లోపల క్షేమంగానే ఉన్నాయి. అది యూటీఎఫ్-8 ఫైలు, అంటే అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతిలో ఉన్నది. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. వత్తు (పొల్లు, ‘క’ అని రెండుగా లెక్క), సున్నాతో కలిపి 7 గుర్తులున్న ‘వక్కలంక’కు 21 బైట్లన్నమాట. ఎక్సెల్ ఆ సంగతి తెలియక, విండోస్ పాత పట్టిక ప్రకారం ఒక్కో బైటును ఒక్కో అక్షరమనుకుంది.

ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కండి. ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర ‘65001: యూనికోడ్ (యూటీఎఫ్-8)’ ఎంచుకుంటే తెలుగు వెంటనే కనబడుతుంది. ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’లోకి వెళ్లి ఫోను నంబర్లను టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే మొదట్లో సున్నా ఉన్నవాటికి ఆ సున్నా పోతుంది.

ముద్రణ, డాలస్:
దిద్దాక మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయవచ్చా?

జాబితా తయారీ, అమలాపురం:
వద్దు బాబూ, అసలు ప్రమాదం అక్కడే. ‘సీఎస్‌వీ (కామా డీలిమిటెడ్)’ ఎంచుకుంటే మీ కంప్యూటర్లో తెలుగు ప్రశ్న గుర్తులుగా మారి ఫైల్లో అలాగే పడుతుంది. ఆ ఫైలు నుంచి పేర్లు ఇక తిరిగి రావు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని విడిగా ఉంటుంది, అదే ఎంచుకోండి. అప్పుడు ఎక్సెల్ ఫైలు మొదట్లో 3 బైట్ల ఆనవాలు పెడుతుంది. తర్వాత నేరుగా తెరిచినా దాన్ని చూసి సరిగ్గా చదువుతుంది. గూగుల్ షీట్స్ నుంచి దించిన నా ఫైల్లో ఆ ఆనవాలు లేదు.

ఇంకో మాట. కనుమనాడు ఇక్కడ జగ్గన్నతోటకు 11 ఊళ్ల ప్రభలు (దేవుణ్ని నిలిపి ఊరేగించే ఎత్తైన అలంకరణలు) వస్తాయి. అదే పండక్కి వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ వాళ్లు మీ డాలస్‌లో తమ ఊరి పేరు గుండెల మీద పెట్టుకుని తిరుగుతారు. అందులో ఒక్క వత్తు తప్పినా నాకు మనసొప్పదు. ఫైలు సరిగ్గా ఉన్నా, బ్యాడ్జీలు చేసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు చేతకాకపోతే వత్తులు విడిపోతాయి. ముందు ‘వ్యాఘ్రేశ్వరం’ బ్యాడ్జీ ఒక్కటి తీసి ఫొటో పంపండి.

పేర్ల నమోదు, డాలస్:
తెలుగు వచ్చేసింది మాస్టారూ! ఇంటిపేర్ల జాబితా ఎప్పుడు పంపుతారు?

జాబితా తయారీ, అమలాపురం:
అది పాలకొల్లులో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేయించినది. యూనికోడ్‌లోకి మార్చి, పేరు పేరునా సరిచూసి సోమవారం పంపుతాను.